కదిలి కుదుటపడే మనసు

మనసు బాగాలేదని చెప్పుకుంటే మొదట దొరికే సలహా ఒకటే: "కాసేపు కళ్ళు మూసుకుని కూర్చో." చెప్పినవాళ్ళ మంచితనాన్ని నేను శంకించను. కానీ పొద్దుటి నుంచి పరుగులు పెట్టిన బుర్రను ఉన్నట్టుండి కదలకుండా కూర్చోబెడితే అది నెమ్మదించదు, ఇంకా రెచ్చిపోతుంది. కళ్ళు మూయడమే ఆలస్యం, రాయాల్సిన చలాన్, కట్టాల్సిన స్కూలు ఫీజు, ఎవరో అన్న మాట, రేపు తెల్లవారుజామున రావలసిన లారీ ఒకదాని వెనుక ఒకటి వచ్చి నిలబడతాయి. వాటితో పెనుగులాడి అలసిపోతే కునుకు పడుతుంది. ఆరాటం, లేదా నిద్ర. ఈ రెండూ కాని నెమ్మది ఒకటుంది. అది దొరకాలంటే కూర్చోవడం కంటే ముందు మెల్లగా కదలాలని చెప్పిన చోటు మా ఆనేకల్ తాలూకాలోనే ఉంది.

నేను జిగణి పారిశ్రామికవాడలో ఒక కార్ఖానా డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేస్తాను. పుట్టింది పుంగనూరు దగ్గర, కాపురం చందాపురలో. ఆనేకల్ తాలూకా పేరుకు బెంగళూరు నగర జిల్లాలోదే అయినా దీనికి రెండు ముఖాలున్నాయి. అత్తిబెలె, బొమ్మసంద్ర, చందాపుర, జిగణి వైపు కార్ఖానాలు, షిఫ్టు బస్సులు, హోసూరు రోడ్డు మీద తెల్లవార్లూ లారీలు. ఇంకోవైపు బన్నేరుఘట్ట అడవి, రాగి చేలు, రాళ్ళగుట్టలు. సరిహద్దు దాటితే తమిళనాడు హోసూరు. అక్కడి పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు. అందుకే మా వీధిలో కన్నడం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది. ఆ కార్ఖానాల ముఖానికీ ఈ అడవి ముఖానికీ నడుమ, జిగణి దగ్గర కల్లుబాళు ప్రాంతంలో ప్రశాంతి కుటీరం ఉంది. స్వామి వివేకానంద యోగ అనుసంధాన సంస్థాన ఆవరణ అది. జనం వాడుకలో ఎస్‌-వ్యాస. 2002లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. లోపల ఆరోగ్యధామ అనే ఆసుపత్రి కూడా ఉంది.

అక్కడ నేర్పేవాటిలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆవర్తన ధ్యానం. పుస్తకాల్లో సైక్లిక్ మెడిటేషన్ అని రాస్తారు. కుటీరంలో మాత్రం అందరూ పొట్టిగా "సీఎం" అంటారు. దీన్ని రూపొందించిన డాక్టర్ హెచ్.ఆర్. నాగేంద్ర చదువుకు మెకానికల్ ఇంజినీరు. 1968లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో డాక్టరేట్ తీసుకుని, అమెరికా వెళ్ళి నాసాలో పనిచేశారు. 1975లో అదంతా వదిలి కన్యాకుమారిలోని వివేకానంద కేంద్రంలో చేరారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సోదరి డాక్టర్ ఆర్. నాగరత్న ఎం.డి. చదివిన వైద్యురాలు. ఉబ్బసం ఉన్న 53 మందికి యోగా నేర్పించి, నేర్పని మరో 53 మందితో పోల్చి ఈ ఇద్దరూ రాసిన పరిశోధన 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. యోగా వల్ల మేలు జరుగుతుందని నమ్మేవాళ్ళు మన దగ్గర కొల్లలు. ఆ మేలును త్రాసులో వేసి చూడాలనుకున్నవాళ్ళు అప్పట్లో తక్కువ. నాకు వీళ్ళమీద గౌరవం అక్కడే మొదలైంది.

ఈ పద్ధతికి మూలం మాత్రం చాలా పాతది. శంకరాచార్యుల గురువుకు గురువని చెప్పే గౌడపాదాచార్యులు మాండూక్య కారికలు రాశారు. మూడో ప్రకరణంలో ఒక కారిక మనసుకు చేయవలసిన వైద్యం చెబుతుంది. మనసు మత్తులోకి జారుతుంటే దాన్ని లేపు. చెదిరిపోతుంటే శాంతపరచు. లోపల పేరుకున్న రాగాన్ని గుర్తించు. సమస్థితికి వచ్చాక ఇక కదిలించకు. నాలుగు పాదాల్లో ఇంతే. కదిలించేది ఒకటి, కుదుటపరిచేది ఒకటి, మళ్ళీ కదిలించేది, మళ్ళీ కుదుటపరిచేది అని ఆసనాలనూ విశ్రాంతినీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయే అభ్యాసాన్ని నాగేంద్ర ఈ సూత్రం మీదే కట్టారు.

పరిశోధనల్లో వాడిన వరస నిడివి 22 నిమిషాల 30 సెకండ్లు. మొదటి నుంచి చివరిదాకా కళ్ళు మూసే ఉంటాయి. వెల్లకిలా పడుకుని ఆ కారిక చెప్పుకోవడానికి 40 సెకండ్లు. తర్వాత కాలివేళ్ళ నుంచి తలదాకా ఒంట్లోని కండరాలన్నీ బిగబట్టి ఒక్కసారిగా వదిలేయడం ఒక నిమిషం. ఎడమవైపుకు ఒత్తిగిలి మెల్లగా లేచి నిలబడి, ఒంటి బరువు రెండు పాదాల మీదా సమంగా పడుతోందో లేదో చూసుకోవడం రెండు నిమిషాలు. ఆ తర్వాత అర్ధకటి చక్రాసనంలో ఒక పక్కకు వంగడం, ఇంకో పక్కకు వంగడం, పాదహస్తాసనంలో ముందుకు, అర్ధచక్రాసనంలో వెనక్కు. ఒక్కోదానికీ ఒక నిమిషం ఇరవై సెకండ్లు. ప్రతి రెండింటి మధ్యా తాడాసనంలో ఊరికే నిలబడటం ఒక నిమిషం పది సెకండ్లు. ఆఖరికి పడుకుని, పాదాల నుంచి పైకి ఒక్కో భాగాన్నీ వదులు చేసుకుంటూ పది నిమిషాలు. కుటీరంలో దీనికి పెద్ద వరస కూడా నేర్పుతారు. అందులో శశాంకాసనం, ఉష్ట్రాసనం, ఓంకారం కలుస్తాయి.

ఒకసారి లెక్క వేసి చూడండి. ఇందులో అసలు వంగి లేచే పని నాలుగు ఆసనాలకు కలిపి 5 నిమిషాల 20 సెకండ్లే. మిగతా 17 నిమిషాల పైచిలుకు అంతా నిలబడటం, పడుకోవడం, ఆ కదలిక ఒంట్లో మిగిల్చినదాన్ని గమనించడం. యోగా అంటే ఒళ్ళు విల్లులా వంగాలనుకుని వెనకాడే నా తోటి ఉద్యోగినులకు నేను మొదట చెప్పేది ఈ లెక్కే.

ఆ గమనించడం ఎలా ఉంటుందో ఒక్క ఆసనం దగ్గర ఆగి చెప్తాను. నిలబడి చేతులు పక్కలకు వదిలేసి ఉన్నారు. ఒక చేతిని పక్క నుంచి మెల్లగా ఎత్తడం మొదలుపెట్టాలి. మెల్లగా అంటే గోడగడియారంలో నిమిషాల ముల్లు కదిలినట్టు, కంటికి ఆనకుండా. మొదట అరచెయ్యి తొడను వదిలిన చోట కాస్త చల్లగా తగులుతుంది. చెయ్యి భుజం ఎత్తుకు వచ్చేసరికి దాని బరువు తెలుస్తుంది. అంత బరువును రోజంతా మోస్తున్నామని అప్పటిదాకా మనకు పట్టదు. అక్కడ అరచేతిని పైకి తిప్పి మళ్ళీ ఎత్తుతూ పోతే చెయ్యి చెవికి ఆనుతుంది. ఇప్పుడు రెండో పక్కకు నడుము దగ్గర వంగాలి. ఎత్తిన చేతి వైపు చంక నుంచి తుంటి దాకా చర్మం సాగుతుంది, పక్కటెముకల మధ్య జాగా పెరుగుతుంది, ఊపిరి ఆ పక్కకే ఎక్కువగా వెళ్తున్నట్టుంటుంది. అవతలి పక్క కండరం నొక్కుకుంటుంది. అలాగే ఉండి, మళ్ళీ అంత మెల్లగానే నిటారుగా వచ్చి, చెయ్యి దించుతూ వస్తే వేళ్ళ చివరలకు రక్తం దిగుతున్నది చిన్న జలదరింపుగా తెలుస్తుంది. చెయ్యి తొడను తాకాక కూడా ఆ జలదరింపు ఉంటుంది. తర్వాతి నిమిషం పది సెకండ్లూ దాన్నే గమనిస్తూ నిలబడాలి. ఎత్తిన చెయ్యి వేరు, ఎత్తని చెయ్యి వేరు. ఒకటి వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది. రెండోది ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఈ తేడాను పట్టి చూస్తున్నంతసేపూ లారీ గుర్తుకు రాదు. వచ్చినా నిలవదు.

మా పక్క వాటాలో ఉండే అక్కది హోసూరు వైపు ఊరు. ఒకరోజు సాయంత్రం డాబా మీద తనకు ఇది చూపిస్తుంటే చెయ్యి సగం ఎత్తి కళ్ళు తెరిచేసింది.

"ఏమ్మా, ఇంత మెల్లగానా? పొయ్యి మీద పాలున్నాయే!"

"పాలు దించేసి రా అక్కా. నేనెక్కడికీ పోను."

నిజంగానే కిందికి వెళ్ళి దించేసి వచ్చింది. ఈ అభ్యాసానికి కావలసిన సరంజామా అదే. స్టవ్ కట్టేసి ఉండాలి, ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. దుప్పటి ఒకటి చాలు.

మెల్లదనం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే మెదడు సంగతి కొంచెం చెప్పుకోవాలి. పనేమీ లేకపోతే మెదడు ఖాళీగా ఉంటుందని మనం అనుకుంటాం. 2001లో అమెరికా శాస్త్రవేత్త మార్కస్ రైకిల్, ఆయన సహచరులు దీనికి భిన్నమైన సంగతి రాశారు. బయటి పనిమీద దృష్టి లేనప్పుడే మెదడులో కొన్ని భాగాలు కలిసికట్టుగా చురుగ్గా ఉంటాయి. జరిగిపోయినదాన్ని తిరగేయడం, రేపటిని ఊహించడం, మన గురించి మనం అనుకోవడం వంటి వాటితో ఈ భాగాలకు సంబంధం ఉందని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అలసిన మనిషి ఊరికే కూర్చుంటే చింత ఎక్కువవడంలో వింత లేదు. మెల్లగా కదులుతుంటే కండరాల్లో, కీళ్ళలో, చెవి లోపలి సమతూకపు అంగంలో ఉన్న గ్రాహకాలు మెదడుకు క్షణక్షణం కబురు పంపుతూనే ఉంటాయి. వేగంగా చేస్తే అలవాటైన కదలిక తనంతట తాను జరిగిపోతుంది, మనసు తన దారిన తాను పోతుంది. మెల్లగా చేస్తే, అదీ కళ్ళు మూసుకుని చేస్తే, పడిపోకుండా ఉండటానికైనా మనసు ఒంటి దగ్గరే ఉండక తప్పదు. దానికితోడు ఊపిరి నిదానిస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నరం ప్రభావం పెరిగి గుండె కాస్త నెమ్మదిగా కొట్టుకోవడం అందరి ఒంట్లోనూ ఉన్నదే. వదిలే ఊపిరి దీర్ఘమైతే ఆ నెమ్మదీ దీర్ఘమవుతుంది. ఏడ్చే పసిపిల్లను మంచంమీద పడేసి నిద్రపొమ్మని ఏ తల్లీ అనదు. ఉయ్యాలలో వేసి ఊపుతుంది, ఊపు తగ్గిస్తూ తగ్గిస్తూ పోతుంది. పెద్దవాళ్ళ మనసుకు కూడా ఆ దయ అవసరమని నా నమ్మకం.

ఇక కొలతలు. కుటీరంలో పరిశోధన నడిపిన డాక్టర్ షర్లీ టెల్లెస్, ఆమె సహచరులు 2000లో అప్లైడ్ సైకోఫిజియాలజీ అండ్ బయోఫీడ్‌బ్యాక్ అనే పత్రికలో ఒక పోలిక ప్రచురించారు. 40 మంది మగవాళ్ళు ఒకరోజు ఆవర్తన ధ్యానం, మరో రోజు శవాసనం చేశారు. ముందూ తర్వాతా ఒళ్ళు ఎంత ప్రాణవాయువు వాడుకుంటున్నదో కొలిచారు. శవాసనం తర్వాత ఆ వాడకం 10.1 శాతం తగ్గింది. ఆవర్తన ధ్యానం తర్వాత తగ్గింది 32.1 శాతం. ఊపిరి వేగం కూడా రెండింటిలోనూ తగ్గింది: శవాసనం తర్వాత 15.2 శాతం, ఆవర్తన ధ్యానం తర్వాత 18 శాతం. మొదటిసారి ఈ అంకెలు చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కాదు, ఊరట కలిగింది. కదలకుండా పడుకున్నవాళ్ళ కంటే లేచి వంగి పడుకున్నవాళ్ళ ఒళ్ళు ఎక్కువ సేదదీరిందన్నమాట. పడుకుంటే విశ్రాంతి దొరకనివాళ్ళలో లోపమేమీ లేదన్నమాట.

2006లో సారంగ్, టెల్లెస్ కలిసి 50 మందితో ఈ పరీక్ష మళ్ళీ చేశారు. ఈసారి ముందూ తర్వాతా కొలిచి ఊరుకోక, అభ్యాసం జరుగుతుండగా కూడా కొలిచారు. ఆసనాలు వేస్తున్నప్పుడు ప్రాణవాయువు వాడకం పెరిగింది. విశ్రాంతి భాగాల్లో మామూలు స్థాయికి వచ్చింది. అంతా అయ్యాక, మొదలుపెట్టకముందున్న దానికన్నా 19.3 శాతం కిందికి దిగింది. వాళ్ళే విడిగా గుండె లయలోని హెచ్చుతగ్గులను చూసినా ఇదే తీరు కనిపించింది. ఆసనాల సమయంలో ఒంటిని ఉత్తేజపరిచే నాడీవ్యవస్థ పైచేయి, ఆ తర్వాత శాంతపరిచేదాని పైచేయి. ప్రాణవాయువు కొలిచిన రెండు పరిశోధనల అంకెలూ ఒకటి కావు, కావాలని నేను కోరను. దిశ ఒకటే. లేపి, ఆపైన కుదుటపరచమన్న గౌడపాదుల మాట ప్రయోగశాల కాగితం మీద గీతగా పైకి లేచి కిందికి దిగింది.

2009లో మరో రెండు వచ్చాయి. 57 మంది మీద చేసినదాంట్లో జ్ఞాపకశక్తి మార్కులు మెరుగుపడ్డాయి, అప్పటికప్పటి ఆందోళన తగ్గింది. ఊరికే పడుకున్న రోజూ కొంత మేలు కనిపించింది, ఆవర్తన ధ్యానం చేసిన రోజు ఇంకాస్త ఎక్కువ. ఇంకో పరిశోధనలో 30 మంది పగలు రెండుసార్లు ఇది చేసి, రాత్రి మెదడు తరంగాలు నమోదుచేసే పరికరాల నడుమ నిద్రపోయారు. ఆ రాత్రి గాఢనిద్ర పాలు పెరిగింది, మధ్యలో మెలకువలు తగ్గాయి. షిఫ్టు పని చేసేవాళ్ళకు గాఢనిద్ర ఎంత కరువో ఈ తాలూకాలో ఎవరినడిగినా చెబుతారు.

కదలికతో మనసును నెమ్మదింపజేయడం ఒక్క మన దేశానికే తెలిసిన విద్య కాదు. కండరాన్ని బిగించి వదిలేస్తే మనసులోని బిగువూ సడలుతుందని చికాగోకు చెందిన డాక్టర్ ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లో ఒక పుస్తకమే రాశారు. చైనావాళ్ళ తాయ్‌చీ అంతా మెల్లని కదలికే. దాన్ని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. వియత్నాం భిక్షువు థిక్ నాట్ హాన్ అడుగులో అడుగు వేస్తూ నడవడాన్నే ధ్యానంగా ప్రపంచానికి నేర్పారు. మన ఇళ్ళలో కూడా ఉంది కానీ దానికి ఎవరూ పేరు పెట్టలేదు. మా అమ్మ కష్టం వచ్చిన రోజున ఎవరితోనూ మాట్లాడేది కాదు. సాయంత్రం గుడికి వెళ్ళి ధ్వజస్తంభం నుంచి మొదలుపెట్టి ప్రదక్షిణలు చేసేది. పక్కన నేను త్వరగా నడిస్తే చెయ్యి పట్టి ఆపేది. "నిదానంగా నడువు, పరిగెత్తేదానికి బజారుంది కదా," అనేది. వాకిట్లో చుక్కల ముగ్గు వేయడమూ అంతే: వంగడం, చెయ్యి మెల్లగా తిప్పడం, లేచి చూసుకోవడం, మళ్ళీ వంగడం. ఆ పనులన్నీ ధ్యానమని నేను అనను. వాటిలో చాకిరీ ఉంది, నడుం నొప్పులూ ఉన్నాయి. కానీ వాటి మెల్లదనం ఆడవాళ్ళకు కాస్త ఊపిరి ఇచ్చిందని మాత్రం గట్టిగా నమ్ముతాను.

చేయాలనుకునేవారికి కొన్ని మాటలు. ఒకసారైనా తెలిసినవారి దగ్గర నేర్చుకోండి. నేర్పేవారి గొంతు వింటూ చేయడానికీ చదివి చేయడానికీ చాలా తేడా ఉంది. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళు, గ్లకోమా ఉన్నవాళ్ళు, నడుములో డిస్కు సమస్య ఉన్నవాళ్ళు ముందుకు వంగే ఆసనం జోలికి డాక్టరును అడగకుండా పోవద్దు. గర్భిణులూ అంతే. కళ్ళు తిరిగే స్వభావం ఉంటే కళ్ళు తెరిచి, గోడ దగ్గర నిలబడి చేయండి. నిలబడలేని పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చుని ఒక్క చెయ్యి ఎత్తి దించినా ఫరవాలేదు, ఎంత మెల్లగా దించారన్నదే ముఖ్యం. ఇరవై రెండు నిమిషాలు దొరకని రోజున నేను లోడింగ్ బే వెనక నిలబడి, పాదాల మీద బరువును ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ మార్చి చూసుకుంటాను. బూట్లు విప్పేస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

ఇది మందుకు బదులు కాదు. దిగులు వారాల తరబడి వదలకపోతే, తిండీ నిద్రా పోతే, బతకాలని లేదన్న తలపు వస్తే చెయ్యి ఎత్తి దించుకుంటూ కూర్చోకూడదు. హోసూరు రోడ్డు మీదే నిమ్హాన్స్ ఉంది, అక్కడ మనోవైద్యంతో పాటు యోగా విభాగమూ ఉంది. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ దేశమంతటా నడుస్తోంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

చివరిగా నాకు గట్టిగా అడగాలనిపించే మాట ఒకటుంది. పైన చెప్పిన ఈ ధ్యానపు కొలతలన్నీ మగవాళ్ళ మీద తీసినవి: 40 మంది, 50 మంది, 57 మంది, 30 మంది, అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళలో నెలసరిని బట్టి గుండె లయ, ఊపిరి మారుతుంటాయని, లెక్క తేలిగ్గా ఉండాలని పరిశోధకులు ఇలా ఎంచుకుంటారు. శాస్త్రానికి అది సౌకర్యం కావచ్చు. కానీ కుటీరం గేటు దాటి కాస్త దూరం వస్తే, బొమ్మసంద్ర నుంచి అత్తిబెలె దాకా గార్మెంట్ కార్ఖానాల్లో కుట్టుమిషన్ల ముందు కూర్చున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. మా పుంగనూరు వైపు నుంచి, అనంతపురం నుంచి, కృష్ణగిరి నుంచి వచ్చినవాళ్ళు. గంటకు ఇన్ని పీసులని లెక్క, ఇంటికెళ్తే వంట, తెల్లవారితే షిఫ్టు బస్సు. మారే లయలతోనే వాళ్ళు బతుకుతున్నారు, ఆ లయలతోనే వాళ్ళను కొలవాలి. భోజన విరామం తర్వాత ఒక లైనులోని వాళ్ళకు ఇరవై రెండు నిమిషాలు ఇచ్చి, ఇంకో లైనుతో పోల్చి, ఆ రాత్రి వాళ్ళు ఎలా నిద్రపోయారో అడిగితే చాలు. ప్రయోగశాల ఈ తాలూకాలోనే ఉంది, కార్ఖానాలూ ఈ తాలూకాలోనే ఉన్నాయి. మా కార్ఖానాలో ఎవరైనా ఆ పరిశోధన మొదలుపెడితే మొదటి పేరు నాది రాసుకోమని చెప్తాను, రెండోది మా హోసూరు అక్కది.